విదేశీ బిజినెస్ మాస్టర్స్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఎంబీఏ, మేనేజ్‌మెంట్ మాస్టర్స్ కోసం విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్ల ప్రశ్నలను ఈ నెల శీర్షికకు తీసుకున్నాం. పలువురు అడిగిన ఒకే సందేహాన్ని ఒక ప్రశ్నగా కలిపాం. వీసా నిబంధనలు, రుసుములు తరచూ మారుతుంటాయి. కింద ఇచ్చిన అంకెల్ని డబ్బు కట్టేముందు ఆయా ప్రభుత్వాల అధికారిక వెబ్‌సైట్లలో మరోసారి సరిచూసుకోండి.

ప్రశ్న: ఇంజినీరింగ్ తర్వాత నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను. కన్సల్టింగ్‌కో, ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌కో మారాలని ఉంది. ఏడాది ఎంబీఏ మంచిదా, రెండేళ్లదా? మా చెల్లెలు ఇప్పుడే డిగ్రీ పూర్తిచేసి, తనూ ఎంబీఏకే వెళ్తానంటోంది.

జవాబు: ముందు మీ చెల్లెలి సంగతి. ఎంబీఏ ఉద్యోగం చేసి వచ్చినవాళ్ల చదువు. ఎంబీఏ కోర్సులకు గుర్తింపునిచ్చే ఆంబా సంస్థ, విద్యార్థులకు డిగ్రీ తర్వాత కనీసం మూడేళ్ల పని అనుభవం ఉండాలంటుంది. పేరున్న స్కూళ్లలో సగటున ఐదారేళ్లు ఉంటుంది. అనుభవం అడగకుండా సీటిచ్చే చోట్లు లేకపోలేదు. కానీ చదువయ్యాక ఎంబీఏ స్థాయి జీతమిచ్చే కంపెనీ ఆ అనుభవాన్నే అడుగుతుంది, ఇబ్బంది అక్కడ మొదలవుతుంది. ఇప్పుడే డిగ్రీ అయినవాళ్లకు సరిపోయేది మాస్టర్స్ ఇన్ మేనేజ్‌మెంట్, వాడుకలో 'మిమ్'. అనుభవం లేనివాళ్లను, ఒకటి రెండేళ్లు చేసినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రూపొందించిన కోర్సు అది. హెచ్ఈసీ పారిస్, ఎసెక్, సెయింట్ గాలెన్, లండన్ బిజినెస్ స్కూల్ వంటివి ఈ కోర్సుకు పేరుపడ్డాయి. ఈఎస్‌సీపీకి పారిస్, లండన్, బెర్లిన్, మాడ్రిడ్, ట్యురిన్, వార్సా నగరాల్లో క్యాంపస్‌లున్నాయి, ఒక దేశంలో మొదలుపెట్టి మరో దేశంలో ముగించొచ్చు. భాషల మీద ఆసక్తి ఉంటే సెమ్స్ కూడా చూడమనండి. 1988లో మొదలైన బిజినెస్ స్కూళ్ల కూటమి అది. సభ్య స్కూల్లో మాస్టర్స్ చేస్తూనే ఏడాది పాటు ఈ కోర్సు చదవాలి, అందులో ఒక టర్మ్ వేరే దేశంలో. కంపెనీ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. పరాయి భాషల్లో ప్రవేశం కూడా చూపించాలి.

ఇక మీ విషయం. ఏడాదికీ రెండేళ్లకీ అసలు తేడా వేసవి ఇంటర్న్‌షిప్. రెండేళ్ల కోర్సులో మొదటి ఏడాది కాగానే పది పన్నెండు వారాలు ఒక కంపెనీలో పనిచేస్తారు. అమెరికాలో పెద్ద కన్సల్టింగ్ సంస్థలు, బ్యాంకులు చాలావరకు అలా చేసినవాళ్లలోంచే ఉద్యోగాలకు తీసుకుంటాయి. రంగం మారేవాళ్లకు కొత్త పనిలో తామేమిటో చూపించుకునే వీలు అక్కడే దొరుకుతుంది. ఇన్సియాడ్ అనే బిజినెస్ స్కూల్లో ఎంబీఏ పది నెలలు. జనవరిలో చేరినవాళ్లకు నడుమ వేసవిలో ఇంటర్న్‌షిప్‌కు కొద్ది వారాలు దొరుకుతాయి, ఆగస్టులో చేరినవాళ్లకు ఆ వీలు లేదు. లండన్ బిజినెస్ స్కూల్లో 15, 18, 21 నెలల్లో ఎప్పుడు ముగించాలో విద్యార్థే ఎంచుకోవచ్చు.

కన్సల్టింగే మీ గురి అయితే ఇన్సియాడ్ వంటి చోట్ల ఇంటర్న్‌షిప్ లేకున్నా పని జరుగుతుంది. కన్సల్టింగ్ సంస్థలు కేస్ ఇంటర్వ్యూ (ఒక వ్యాపార సమస్య ఇచ్చి, దాన్నెలా పరిష్కరిస్తారో అడిగేది) చూసి నేరుగా ఉద్యోగంలోకి తీసుకుంటాయి. ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్ అయితే, ఆ పని ఒక్కసారైనా చేసినవాళ్లనే కంపెనీలు అడుగుతాయి గనుక, ఇంటర్న్‌షిప్ ఉన్న కోర్సే ఎంచుకోండి. ఏడాది కోర్సుకు వెళ్లేవాళ్లు మరో విషయం గుర్తుంచుకోవాలి: అక్కడ ఉద్యోగాల వేట చేరిన కొద్ది వారాలకే మొదలవుతుంది. రెజ్యూమే సిద్ధంగా ఉండి, కేస్ ఇంటర్వ్యూల సాధన సగమైనా పూర్తయి ఉంటేనే ఆ వేగం అందుకోగలరు.

ప్రశ్న: ఒక కన్సల్టెన్సీవాళ్లు విదేశంలో ఏదో 'ఇంటర్నేషనల్ బిజినెస్ స్కూల్' అని, పరీక్షలేవీ అక్కర్లేదని, వారంలో అడ్మిట్ తెప్పిస్తామని అంటున్నారు. నమ్మొచ్చా?

జవాబు: మూడు విషయాలు మీరే చూసుకోండి, గంట పని. ఒకటి, డిగ్రీ పట్టా మీద ఏ విశ్వవిద్యాలయం పేరుంటుంది? పాఠం చెప్పేది ఒకరు, పట్టా ఇచ్చేది ఇంకొకరు అయితే ఆ రెండోవాళ్ల వెబ్‌సైట్లో ఈ స్కూలు పేరుందా లేదా చూడాలి. రెండు, విదేశీ విద్యార్థుల్ని చేర్చుకునే అనుమతి ఉందా? బ్రిటన్‌లో లైసెన్సు ఉన్న స్టూడెంట్ స్పాన్సర్ల జాబితా, అమెరికాలో ఎస్ఈవీపీ ధ్రువీకరణ, కెనడాలో డీఎల్ఐ జాబితా, మూడూ ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లలో ఎవరైనా చూడొచ్చు. మూడు, గుర్తింపు. 1916 నాటి ఏఏసీఎస్‌బీ, యూరప్‌కు చెందిన ఈక్విస్ మొత్తం స్కూలును పరిశీలిస్తాయి. ఆంబా ఎంబీఏ కోర్సుల మీద దృష్టి పెడుతుంది. ఈ మూడూ ఉంటే 'ట్రిపుల్ క్రౌన్' అంటారు. మూడూ లేనంత మాత్రాన స్కూలు చెడ్డదని కాదు, మంచి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కొన్ని వీటికోసం ప్రయత్నించనే లేదు. ప్రైవేటు స్కూలై ఉండి ఒక్క గుర్తింపూ లేకపోతే మాత్రం ఆగండి. స్కూలు బ్రోచర్‌లోని ముద్రను నమ్మక, గుర్తింపు సంస్థ వెబ్‌సైట్లోనే స్కూలు పేరు వెతకండి.

స్కూలు దగ్గర కమీషన్ తీసుకునే కన్సల్టెన్సీ, కమీషన్ ఇవ్వని స్కూళ్ల ఊసెత్తదు. పెద్ద బిజినెస్ స్కూళ్లలో చాలావరకు ఎవరికీ కమీషన్ ఇవ్వవు.

ప్రశ్న: బిజినెస్ స్కూళ్లలో ప్రవేశానికి జీమ్యాట్ పరీక్ష రాయాలా, జీఆర్ఈయా? మా సీనియర్లు 700 దాటాలంటున్నారు. కొత్త జీమ్యాట్‌లో ఆ లెక్క వర్తిస్తుందా?

జవాబు: వర్తించదు. పాత జీమ్యాట్ 2024 జనవరి 31తో ఆగిపోయింది. ఇప్పటి పరీక్షలో స్కోరు 205 నుంచి 805 దాకా ఉంటుంది, ప్రతి స్కోరూ 5తోనే ముగుస్తుంది. పరీక్ష నిర్వహించే సంస్థ ఇచ్చిన పోలిక పట్టికలో పాత 700కు దాదాపు సమానమైనది కొత్త 645. 655 వచ్చి, 700 రాలేదని బాధపడి మళ్లీ రాసేవాళ్లున్నారు. ఆ అవసరం లేదు. మీరనుకుంటున్న స్కూలు తన తాజా బ్యాచ్ సగటును ఏ పరీక్ష లెక్కలో చెప్పిందో చూసుకుని పోల్చుకోండి.

పరీక్ష 2 గంటల 15 నిమిషాలు. క్వాంట్ (గణితం)లో 21, వెర్బల్ (ఇంగ్లీషు)లో 23, డేటా ఇన్‌సైట్స్‌లో 20 ప్రశ్నలు, ఒక్కోదానికి 45 నిమిషాలు. ఏ విభాగం ముందు రాయాలో మీ ఇష్టం. జ్యామితి, సెంటెన్స్ కరెక్షన్, వ్యాసం తీసేశారు. మూడు విభాగాలకూ సమాన విలువ. చాలామంది డేటా ఇన్‌సైట్స్‌ను చివరి రెండు వారాలకు వదిలేసి దెబ్బతింటారు. పట్టికలు, గ్రాఫులు, రెండు మూడు ట్యాబుల్లో ఇచ్చిన సమాచారం కలిపి చదవడం అలవాటు మీద వచ్చే పని, సూత్రాలు బట్టీపడితే రాదు. కాలిక్యులేటర్ ఇచ్చేది కూడా ఆ విభాగంలోనే, క్వాంట్‌లో ఇవ్వరు.

జీమ్యాట్‌లో ప్రశ్న దాటేసి ముందుకు పోనివ్వరు, ఏదో ఒక జవాబు పెట్టాల్సిందే. విభాగం చివర సమయం మిగిలితే వెనక్కి వెళ్లి మూడు జవాబుల వరకు మార్చుకోవచ్చు. అందుకని రెండున్నర నిమిషాలు దాటినా తేలని ప్రశ్నను ఊహతో గుర్తించి, బుక్‌మార్క్ పెట్టి కదలండి. చివర్లో నాలుగైదు ప్రశ్నలు రాయకుండా వదిలేస్తే పడే దెబ్బ, మధ్యలో రెండు తప్పులు పోవడం కంటే పెద్దది.

జీఆర్ఈ 2023 సెప్టెంబరు నుంచి 1 గంట 58 నిమిషాలకు కుదించారు. ఒక వ్యాసం, వెర్బల్ 27, క్వాంట్ 27 ప్రశ్నలు. ఇందులో ఒక సెక్షన్ లోపల ప్రశ్నలు దాటేసి తిరిగి రావచ్చు, క్వాంట్‌కు కాలిక్యులేటర్ ఉంటుంది. ఇంగ్లీషు పదసంపద బాగా ఉండి, తర్కపు ప్రశ్నలకు ఎక్కువ సమయం తీసుకునేవాళ్లకు జీఆర్ఈ నప్పుతుంది. పదాలు బట్టీపట్టడం గిట్టనివాళ్లకు జీమ్యాట్ మేలు. చాలా స్కూళ్లకు రెండూ సమ్మతమే. నిర్ణయించుకునే పద్ధతి ఒకటే: రెండు సంస్థలూ తమ వెబ్‌సైట్లలో చెరి రెండు మాక్ టెస్టులు ఉచితంగా ఇస్తాయి. ఏ తయారీ లేకుండా చెరొకటి రాయండి, ఎందులో మెరుగ్గా ఉంటే దానికే కట్టుబడండి. ఆ పరీక్షకు మిగిలిన రెండో మాక్ టెస్టును చివరి మూడు వారాలకు దాచుకోండి.

ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకు పది పన్నెండు వారాలు, వారానికి పన్నెండు గంటలు సరిపోవచ్చు. స్కోరు కదలకపోవడానికి ముఖ్య కారణం కొత్త ప్రశ్నలు చేస్తూ పోవడం, తప్పులు తిరిగి చూసుకోకపోవడం. ఎర్రర్ లాగ్ పెట్టండి: ప్రశ్న ఏ రకం, ఎంత సమయం పట్టింది, తప్పెందుకైంది? తెలియకనా, తప్పుగా చదివా, తొందరలోనా? నూరు ప్రశ్నలు అలా రాశాక మీ బలహీనత మీకే తెలుస్తుంది. మళ్లీ రాయాలంటే జీమ్యాట్‌కు 16 రోజులు, జీఆర్ఈకి 21 రోజులు ఆగాలి. పన్నెండు నెలల్లో ఏదైనా అయిదుసార్లే. రెండింటి స్కోర్లూ అయిదేళ్లు చెల్లుతాయి. ఐఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లే, కాబట్టి వాటిని మరీ ముందుగా రాయకండి.

ప్రశ్న: మా కంపెనీ వైస్ ప్రెసిడెంట్ సిఫార్సు లేఖ ఇస్తానన్నారు. 'నువ్వే రాసుకురా, సంతకం పెడతా' అంటున్నారు. ఎలా రాయాలి?

జవాబు: మీరు రాయకండి. మీరు రాసిన వ్యాసాలు, లేఖ స్కూలు అడ్మిషన్లవాళ్లు ఒకే ఫైల్లో పక్కపక్కన చదువుతారు. శైలి ఒకటేనని పట్టుకోవడం వాళ్లకు పెద్ద పని కాదు. పైగా మిమ్మల్ని ఏడాదికి రెండుసార్లు చూసిన వైస్ ప్రెసిడెంట్ కంటే రోజూ మీ పని చూసే మేనేజర్ లేఖకు విలువెక్కువ. అమెరికా స్కూళ్లు చాలావరకు వాడే ఉమ్మడి సిఫార్సు పత్రంలో ముఖ్యంగా అడిగేవి రెండు: ఇలాంటి పనే చేసే తోటివారితో పోల్చితే ఇతని పనితీరెలా ఉంది? ఇతన్ని దిద్దడానికి మీరిచ్చిన ముఖ్యమైన సలహా ఏది, ఇతను దాన్నెలా తీసుకున్నాడు? రెండో ప్రశ్నకు 'లోపాలేవీ లేవు' అని రాస్తే లేఖ వృథా.

మీరు చేయాల్సింది ఒక పేజీ నోట్ ఇవ్వడం. అందులో మీరు కలిసి చేసిన మూడు నాలుగు ప్రాజెక్టులు, తేదీలు, ఫలితాలు అంకెలతో, ఆయన మిమ్మల్ని దిద్దిన సందర్భం ఒకటి, ఈ చదువు ఎందుకో రెండు వాక్యాలు ఉండాలి. గడువుకు ఆరు వారాల ముందు అడగండి, రెండు వారాల ముందు గుర్తుచేయండి. ప్రస్తుత మేనేజర్‌కు చెప్పే వీల్లేకపోతే మునుపటి మేనేజర్‌ను అడిగి, కారణం దరఖాస్తులోని ఐచ్ఛిక వ్యాసంలో రెండు ముక్కల్లో రాయండి. దీన్ని ఎవరూ తప్పుపట్టరు.

ప్రశ్న: జర్మన్ ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌కు గ్రేడు 2.5 లోపు ఉండాలట. నాకు నూటికి 70 వచ్చాయి, పాస్ మార్కు 40. అర్హత ఉన్నట్టేనా?

జవాబు: సరిగ్గా గీత మీద ఉన్నారు. జర్మనీలో 1 అత్యుత్తమం, 4 పాస్. మార్చే పద్ధతిని బవేరియన్ ఫార్ములా అంటారు. గరిష్ఠ మార్కులోంచి మీ మార్కు తీసేయండి. దాన్ని, గరిష్ఠ మార్కులోంచి పాస్ మార్కు తీసేస్తే వచ్చేదానితో భాగించండి. వచ్చినదాన్ని 3తో హెచ్చించి 1 కలపండి. మీకు: 30ని 60తో భాగిస్తే 0.5, మూడుతో హెచ్చిస్తే 1.5, ఒకటి కలిపితే 2.5. పాస్ మార్కు 50గా తీసుకుంటే అదే 70 మార్కులకు 2.8 వస్తుంది, 35గా తీసుకుంటే సుమారు 2.4. అంటే పాస్ మార్కు ఎంతో రుజువు లేకపోతే మీ గ్రేడు తారుమారవుతుంది. మార్కుల జాబితా వెనక గ్రేడింగ్ పద్ధతి ముద్రించి లేకపోతే, మీ కాలేజీ నుంచి సంతకం, ముద్ర ఉన్న లేఖ తెచ్చుకోండి.

గ్రేడు సరిపోయినా దరఖాస్తు తిరిగొచ్చే చోటు ఇంకోటుంది: క్రెడిట్లు. యూరప్‌లో ఒక పూర్తి విద్యా సంవత్సరానికి 60 క్రెడిట్లు (వీటినే ఈసీటీఎస్ అంటారు), ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల చదువు. మాస్టర్స్‌లో చేరడానికి సాధారణంగా 180 కావాలి, వాటిలో బిజినెస్‌లో ఇన్ని, గణితం, గణాంకశాస్త్రాల్లో ఇన్ని అని విడిగా షరతు ఉంటుంది. ఇంజినీర్లు బిజినెస్ క్రెడిట్ల దగ్గర, కామర్స్‌వాళ్లు గణితం దగ్గర ఆగిపోతుంటారు. పాఠ్యాంశాల వివరణ పుస్తకం ఒక్కో పేపర్‌లో ఏం చదివారో, ఎన్ని గంటలో చెప్పేలా సిద్ధం చేసుకోండి. 'క్వాంటిటేటివ్ మెథడ్స్' అన్న పేరు చూసి ఊహించుకునే ఓపిక అక్కడ ఎవరికీ ఉండదు. విదేశీ దరఖాస్తులను విశ్వవిద్యాలయాల తరఫున పరిశీలించే యూని-అసిస్ట్ సంస్థ ద్వారా పంపే చోట పత్రాల పరిశీలనకే వారాలు పడుతుంది. గడువు రోజున పంపితే, ఏదైనా కాగితం తక్కువైనా సరిదిద్దుకునే సమయం మిగలదు.

ప్రశ్న: అడ్మిట్ వచ్చింది. వీసా కోసం ఎంత డబ్బు చూపించాలి, నిజంగా ఎంత పట్టుకెళ్లాలి?

జవాబు: ఈ రెండూ వేర్వేరు మొత్తాలని తెలిసి అడిగారు, సంతోషం. వీసాకు చూపించేది ప్రభుత్వం పెట్టిన కనీసం. ఖర్చు దానికంటే ఎక్కువే ఉంటుంది.

జర్మనీకి బ్లాక్‌డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు జమచేయాలి. 2024 సెప్టెంబరు నుంచి ఈ లెక్క. అక్కడికి వెళ్లాక నెలకు 992 యూరోలే చేతికొస్తాయి. మొదటి నెల ఇంటి అడ్వాన్సు, అద్దె, బీమా కలిస్తే ఆ 992 చాలదు, కాబట్టి విడిగా డబ్బు ఉండాలి. అమెరికాలో స్కూలు ఇచ్చే ఐ-20 పత్రంలో మొదటి ఏడాది ఖర్చు అంకె ఉంటుంది, దానికి సరిపడా చూపించాలి. రెండేళ్ల కోర్సైతే రెండో ఏడాదికి డబ్బెక్కడిదని వీసా ఇంటర్వ్యూలో అడిగే అవకాశం ఉంది, జవాబు సిద్ధంగా ఉంచుకోండి. సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ నమోదు వ్యవస్థ) రుసుము 350 డాలర్లు ఇంటర్వ్యూకు ముందే కట్టాలి.

ఎక్కువమంది తడబడేది బ్రిటన్ దగ్గర. మొదటి ఏడాది ఫీజులో కట్టాల్సిన బాకీ, తొమ్మిది నెలల దాకా జీవన ఖర్చు కలిపి ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి. ఆ 28 రోజుల్లో ఒక్కరోజు నిల్వ తగ్గినా దరఖాస్తు తిరస్కరిస్తారు. ఆ 28వ రోజు, మీరు దరఖాస్తు చేసే తేదీకి 31 రోజుల లోపలే ఉండాలి. నిల్వ సరిగ్గా హద్దు మీద ఉంచితే మారకపు రేటు కాస్త కదిలినా కిందికి జారిపోతుంది. నూటికి అయిదో ఆరో ఎక్కువ ఉంచండి. డబ్బు అమ్మానాన్నల ఖాతాలో ఉంటే వాళ్ల సమ్మతి లేఖ, మీ జన్మ ధ్రువీకరణ పత్రం జతచేయాలి. ఇతర బంధువుల ఖాతాలు చెల్లవు. అక్కడి ఆరోగ్య రుసుము విద్యార్థులకు ఏడాదికి 776 పౌండ్లు, వీసా కాలానికంతటికీ ముందే కట్టాలి. ఏడాది కోర్సుకు వీసా ఏడాది దాటి మరికొన్ని నెలలు ఇస్తారు, అందువల్ల సాధారణంగా ఏడాదిన్నర లెక్కన 1,164 పౌండ్లు అవుతుంది. ఈ రుసుము మరచిపోయి బడ్జెట్ వేసుకునేవాళ్లు చాలామంది.

ఖర్చుల పట్టికలో స్కూలు రాయనివి కొన్నుంటాయి: సీటు ఖాయం చేసుకునే డిపాజిట్, ఎక్స్‌చేంజ్ టర్మ్‌కు విమాన ఛార్జీలు, రెండు చోట్ల అద్దె ఒకేసారి కట్టాల్సి రావడం, కంపెనీల సందర్శన యాత్రలు, చదువయ్యాక ఉద్యోగం దొరికేదాకా నాలుగైదు నెలల తిండి, అద్దె. చివరిది తప్పకుండా వేసుకోండి. డబ్బైపోయి, దొరికిన మొదటి ఉద్యోగానికి తలొగ్గితే చదువు మీద పెట్టిందంతా వృథా. పార్ట్‌టైం సంపాదనను బడ్జెట్‌లో కలపొద్దు. అమెరికాలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు, కెనడాలో బయట 24 గంటలు, జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు, ఫ్రాన్స్‌లో ఏడాదికి 964 గంటలు అనుమతి ఉంది నిజమే. ఏడాది ఎంబీఏలో ఆ గంటలు మీకు దొరకవు.

ప్రశ్న: స్కాలర్‌షిప్‌లకు ఎప్పుడు దరఖాస్తు చేయాలి?

జవాబు: స్కూళ్లు ఇచ్చేవాటికి ప్రవేశ దరఖాస్తుల మొదటి, రెండో రౌండ్లలోనే. అమెరికాలో ఇవి సాధారణంగా సెప్టెంబరు, జనవరి నెలల్లో ఉంటాయి. మూడో రౌండ్‌కు సీట్లతోపాటు డబ్బూ అయిపోతుంది. బయటివాటిలో బ్రిటన్ ప్రభుత్వ చీవెనింగ్ స్కాలర్‌షిప్‌కు 2,800 గంటల పని అనుభవం కావాలి, చదువయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. ఎంబీఏ ఫీజులో కొంతవరకే ఇస్తారు. ఫ్రాన్స్ ఐఫెల్ స్కాలర్‌షిప్‌కు మీరు నేరుగా దరఖాస్తు చేయలేరు, స్కూలే మీ పేరు పంపాలి. అందుకని ప్రవేశ దరఖాస్తుతోనే ఆ సంగతి స్కూలుకు రాయండి. మాస్టర్స్‌కు 25 ఏళ్ల వయోపరిమితి కూడా ఉంది. యూరోపియన్ యూనియన్ నడిపే ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి మాస్టర్స్‌లో ఎంపికైతే నెలకు 1,400 యూరోలు ఇస్తారు.

ప్రశ్న: 'స్టెమ్ ఎంబీఏ' అంటే ఏమిటి? ఏ దేశంలో చదివితే ఎంతకాలం ఉద్యోగానికి ఉండనిస్తారు?

జవాబు: అమెరికాలో ఎఫ్-1 వీసా మీద చదివినవాళ్లకు 12 నెలల ఓపీటీ, అంటే పని చేసుకునే అనుమతి ఉంటుంది. స్టెమ్, అంటే సైన్స్, సాంకేతిక కోర్సుల జాబితాలో ఉన్న డిగ్రీ అయితే మరో 24 నెలలు పొడిగిస్తారు. మామూలు ఎంబీఏ ఆ జాబితాలో లేదు. మేనేజ్‌మెంట్ సైన్స్ ఉంది, దాని కోడ్ 52.1301. అందువల్ల చాలా స్కూళ్లు ఎంబీఏలో కొంత భాగాన్నో, మొత్తాన్నో ఆ కోడ్ కిందకు తెచ్చాయి. కొన్నిచోట్ల ఒక ప్రత్యేక స్పెషలైజేషన్ తీసుకుంటేనే ఆ కోడ్ వర్తిస్తుంది. వెబ్‌సైట్లో 'స్టెమ్' అని చూసి ఊరుకోకుండా, మీ ఐ-20 మీద ఏ కోడ్ అచ్చవుతుందని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. పొడిగింపు కావాలంటే మిమ్మల్ని తీసుకున్న కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హతను సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ) నమోదై ఉండాలి, ఐ-983 శిక్షణ ప్రణాళిక మీద సంతకం పెట్టాలి. చిన్న కంపెనీలు ఇక్కడే వెనక్కి తగ్గుతాయి. ఆఫర్ ఒప్పుకునే ముందే అడగండి.

తేదీలు తప్పితే ఏమీ చేయలేం. ఓపీటీకి చదువు ముగియడానికి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల లోపు దరఖాస్తు చేయాలి. స్కూలు సిఫార్సు నమోదు చేశాక 30 రోజుల్లో అది చేరాలి. మొదటి 12 నెలల్లో మొత్తం 90 రోజులకు మించి నిరుద్యోగం ఉండకూడదు. చదువుతున్నప్పుడు చేసే సీపీటీ పూర్తికాలపు పని 12 నెలలకు చేరితే ఓపీటీ హక్కే పోతుంది. మొదటి రోజు నుంచీ సీపీటీ ఇస్తామని ఊరించే చోట్లకు దూరంగా ఉండండి.

మిగతా దేశాలు: బ్రిటన్ గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే మాస్టర్స్ వాళ్లకు 18 నెలలు. ఇప్పుడు చేరాలనుకునేవాళ్లు 18 అనే లెక్కవేసుకోండి. జర్మనీలో ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు, ఫ్రాన్స్‌లో 12. కెనడాలో కనీసం 8 నెలల మాస్టర్స్ చేస్తే మూడేళ్ల వర్క్ పర్మిట్ దొరకొచ్చు, ఇంగ్లీషు పరీక్ష ఫలితం చూపించాలి. ఈ నెలల సంఖ్య చూసి దేశాన్ని ఎంచుకోవడం మాత్రం మాకు నచ్చదు. జర్మనీలో కోర్సంతా ఇంగ్లీషులో ఉన్నా, మార్కెటింగ్, ఫైనాన్స్ ఉద్యోగాల ప్రకటనలు జర్మన్ అడుగుతాయి. సొంతంగా మాట్లాడగలిగే బీ2 స్థాయికి సున్నా నుంచి రావాలంటే ఏడాదికి పైగా పడుతుంది. ఆ సాధన అడ్మిట్ రాకముందే మొదలుపెట్టినవాళ్లకు 18 నెలలు చాలు, అక్కడికి వెళ్లాక మొదలుపెడితే చాలవు.

ప్రశ్న: వచ్చే నెల ఎంబీఏలో చేరుతున్నాను. పాఠాలన్నీ కేస్ పద్ధతిలోనేనట. చర్చకు మార్కులుంటాయట. ఇంగ్లీషులో రాయగలను, మాట్లాడేటప్పుడు వెనకబడతాను. ఎలా?

జవాబు: ఇది భాష మీద కంటే తయారీ మీద ఎక్కువ ఆధారపడింది, కంగారుపడకండి. మార్కుల సంగతి మాత్రం నిజమే. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ వంటి చోట్ల చాలా కోర్సుల్లో సగం దాకా మార్కులు తరగతి చర్చకే పోతాయి.

కేస్ అంటే ఒక కంపెనీ నిర్ణయం తీసుకోవాల్సిన సందర్భాన్ని వివరించే కథనం. పది పదిహేను పేజీల కేస్‌ను మొదటి పేజీ నుంచి వరసగా చదవకండి. మొదటి పేరా, చివరి పేరా చదివి, నిర్ణయం తీసుకోవాల్సింది ఎవరు, ఎప్పటిలోగా, దేని మీద అన్న మూడూ కాగితం మీద రాయండి. తర్వాత చివర్లో ఇచ్చిన పట్టికల శీర్షికలు చూడండి. అప్పుడు మొత్తం చదవండి. చదవడం కాగానే ఒక లెక్క చేయండి, ఏదైనా ఒకటి. ఉదాహరణకు ధర 50, ఒక్కో వస్తువుకు అయ్యే ఖర్చు 30, స్థిర ఖర్చులు 4,00,000 అయితే 20,000 అమ్మితేగానీ నష్టం తీరదు. మార్కెట్ మొత్తమే 60,000 అని కేస్ చెబుతుంటే, మూడోవంతు మార్కెట్ గెలవాలన్నమాట. ఈ ఒక్క వాక్యం చాలు తరగతిలో మీ మాట నిలబడటానికి. చివరగా నిర్ణయం ఒక వాక్యంలో, కారణాలు మూడు, దానికున్న ప్రమాదం ఒకటి రాసుకోండి. మొదట్లో ఒక్కో కేస్‌కు మూడు గంటలు పడుతుంది, నెల తిరిగేసరికి గంటన్నరకు వస్తుంది.

తరగతిలో మొదటి పదిహేను నిమిషాల్లోనే చెయ్యెత్తండి. అప్పుడు చర్చ కేస్ వివరాల మీద ఉంటుంది, మీరు రాసుకున్నది చదివినట్టే చెప్పొచ్చు. ఆలస్యమైనకొద్దీ చర్చ ఎటో పోయి, మీరు సిద్ధం చేసుకున్నది పనికిరాకుండా పోతుంది. ఒకరు చెప్పిందే వేరే మాటల్లో మళ్లీ చెబితే మార్కు రాదు. 'ఫలానా వారి లెక్కలో ప్రకటనల ఖర్చు కలపలేదు, కలిపితే ఇంత' అంటే వస్తుంది. చాలా స్కూళ్లలో ఉదయం తరగతికి ముందు ఐదారుగురు కలిసే చర్చా బృందాలుంటాయి. అక్కడ ముందు మీరే మాట్లాడటం నియమంగా పెట్టుకోండి. ఒకసారి గట్టిగా అన్న వాక్యం రెండోసారి సులువుగా వస్తుంది. రెండు వారాలకోసారి ప్రొఫెసర్‌ను ఆఫీస్ అవర్స్‌లో (విద్యార్థులకు కేటాయించిన సమయంలో) కలిసి, నా మాట ఎక్కడ బలహీనంగా ఉందని అడగండి. మధ్యలో అడిగితే సరిదిద్దుకునే సమయం ఉంటుంది.

గ్రూప్ ప్రాజెక్టుల గురించి ఒక్క మాట. తొలి సమావేశంలోనే ఎవరు ఏది, ఏ తేదీకి, చివరి ప్రతిని ఎవరు దిద్దాలి అన్నది రాసి అందరికీ పంపండి. ఎవరైనా పని చేయకపోతే చివరి వారంలో ప్రొఫెసర్ దగ్గరకు వెళ్లేకంటే, ఆ కాగితం పట్టుకుని రెండో వారంలోనే వాళ్లతో మాట్లాడటం మేలు. ఇతరుల రాతలు వాడినప్పుడు మూలం చెప్పకపోవడం, ఒక కోర్సుకు మీరే రాసిన వ్యాసాన్ని ఇంకో కోర్సుకు మళ్లీ ఇవ్వడం, రెండూ నేరాలే. ఏఐ సాధనాలు ఎంతవరకు వాడొచ్చో ఒక్కో కోర్సు సిలబస్‌లో ఒక్కోలా ఉంటుంది, చదివి తీరాలి.

ప్రశ్న: రెండు అడ్మిట్లు వచ్చాయి. ఒక స్కూలు ర్యాంకులో పైన, రెండోది స్కాలర్‌షిప్ ఇస్తోంది. మొదటిదానికి పది రోజుల్లో డిపాజిట్ కట్టాలి, రెండోది తుది లేఖ ఇంకా పంపలేదు. ఏం చేయాలి?

జవాబు: ఈరోజే రెండు ఈమెయిళ్లు రాయండి. మొదటి స్కూలుకు, గడువు రెండు వారాలు పొడిగించమని. రెండోదానికి, ఫలానా తేదీలోగా నిర్ణయం చెప్పాల్సి ఉంది, స్కాలర్‌షిప్ లేఖ అప్పటికి అందుతుందా అని. మర్యాదగా, కారణంతో అడిగితే ఏ స్కూలూ సీటు రద్దుచేయదు. మొదటి స్కూలును స్కాలర్‌షిప్ మళ్లీ పరిశీలించమని కూడా అడగొచ్చు, రెండో స్కూలు ఆఫర్ జతచేసి.

ర్యాంకు బదులు ఉద్యోగ నివేదిక తెరవండి. ఫైనాన్షియల్ టైమ్స్ ర్యాంకింగ్‌లో జీతాలను ఆయా దేశాల కొనుగోలు శక్తికి సరిచేసి వేస్తారు. ఆ అంకె మీ బ్యాంకులో పడేది కాదు, దానితో అప్పు తీర్చే లెక్క వేయొద్దు. స్కూలు ఇచ్చే నివేదికలో 'మూడు నెలల్లో 90 శాతం మందికి ఉద్యోగం' అని ఉంటే, ఆ శాతం ఎంతమందిలోంచి లెక్కపెట్టారో చూడండి. కంపెనీ పంపగా వచ్చినవాళ్లను, సొంత వ్యాపారానికి వెళ్లినవాళ్లను, ఉద్యోగం వెతకడం లేదని చెప్పినవాళ్లను ముందే తీసేస్తారు. విదేశీ విద్యార్థుల శాతం విడిగా ఇచ్చారా? ఇవ్వకపోతే కెరీర్ కార్యాలయాన్ని అడగండి: నాలాంటి వీసా అవసరం ఉన్నవాళ్లు, నాలాంటి నేపథ్యం నుంచి, నేను కోరుకునే ఉద్యోగంలోకి కిందటేడు ఎంతమంది వెళ్లారు? అంకె చెప్పగలిగితే మంచి గుర్తు. అలా వెళ్లినవాళ్లలో ఇద్దరితో మాట్లాడించమనండి. డిపాజిట్ కట్టే ముందు వాపసు నిబంధన కూడా చదవండి: చాలాచోట్ల వీసా తిరస్కరణకు మాత్రమే తిరిగిస్తారు, తిరస్కరణ లేఖ ఏ తేదీలోగా పంపాలో అందులోనే రాసి ఉంటుంది.